ఖాళీ పేజీ దగ్గర అమ్మ మాట్లాడింది

మా ఇంటి వెనక గోడ అవతల సమాధుల తోట. నేను పుట్టినప్పటి నుంచి ఆ గోడ మీదే బట్టలు ఆరేసుకుంటున్నాం. చిన్నప్పుడు మా ఆటలన్నీ అక్కడే. అందుకే దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఎప్పుడూ భయం లేదు, నమ్మకమూ లేదు. ఎవరైనా అలాంటివి చెప్తుంటే మర్యాద కోసం వింటాను. లోపల నవ్వుకుంటాను. ఇప్పుడు నేను రాసేది చదివి మీరూ అలాగే నవ్వుకుంటే నాకేం కోపం లేదు.

నా పేరు సునీత. మెదక్‌లో మాది చిన్న బైండింగ్ షాపు. ఇంటి ముందుగదే షాపు. మా నాన్న పెట్టింది. ఆయన పోయాక నేను నడుపుతున్నాను. ఆఫీసు రిజిస్టర్లు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, చర్చిలో పాడే కీర్తనల పుస్తకాలు, చిరిగిపోయిన బైబిళ్లు మా దగ్గరికి వస్తాయి. నాన్న కుట్టిన పుస్తకం పేజీలు ఊడిపోయి తిరిగి వచ్చిందన్న మాట నేను వినలేదు. ఈ సంగతి చెప్పుకోవడానికి నేనేం మొహమాటపడను.

అమ్మ ఆడపిల్లల బడిలో తెలుగు టీచరు. ఊళ్లో అందరూ కరుణ టీచర్ అంటారు. పాఠం కంటే నాటకానికే ఆమెకు పేరు ఎక్కువ. బడి వార్షికోత్సవమైనా, క్రిస్మస్ అయినా నాటకం అమ్మే రాసేది, ఆమే నేర్పేది. మనిషి పొడుగు, గొంతు పెద్దది. రాజు వేషం కట్టాల్సిన పిల్లకు జ్వరం వస్తే తనే కట్టేసేది. మెదక్‌లో నా వయసు ఆడవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు అమ్మ నాటకంలో చెట్టుగానో, సైనికుడిగానో నిలబడ్డవాళ్లే.

రిటైరయ్యాక కొన్నాళ్లకు అమ్మకు పక్షవాతం వచ్చింది. పొద్దున టీ పెడుతూ గిన్నె వదిలేసింది. కుడి చెయ్యి వాలిపోయింది. దవాఖానలో బతికించారు. కర్ర పట్టుకుని నడిచే దాకా వచ్చింది. మాట మాత్రం పోయింది. మొత్తం పోకుండా ఒక్క మాట మిగిలింది: "అదే." ఆకలేస్తే అదే. వద్దనాలన్నా అదే, కాకపోతే మొహం తిప్పుకునేది.

హైదరాబాద్ డాక్టరు స్కానింగ్ చూపించి వివరంగా చెప్పారు. ఆమెకు అన్నీ అర్థమవుతాయి, కానీ మాటలను వాక్యంగా పేర్చే భాగం దెబ్బతిన్నది, అది తిరిగి రావడం కష్టం. కంఠతా వచ్చిన పాటలు మాత్రం కొంచెం పలకవచ్చు, ఎందుకంటే పాట మెదడులో వేరే చోటి నుంచి వస్తుంది. అది నిజమే. చర్చిలో అందరితో కలిసి ఒక చరణం పాడేది. పక్కవాళ్లు ఆపితే ఆగిపోయేది. చదవడం కూడా పోయింది. అక్షరాలు చూసేది, తల అడ్డంగా ఊపేది. తెలుగు టీచరుకి తెలుగు అక్షరం పోయింది.

పాత శిష్యురాళ్లు చూడటానికి వచ్చి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా అరిచేవాళ్లు. చిన్నపిల్లను బుజ్జగించినట్టు గడ్డం పట్టుకునేవాళ్లు. ప్రేమతోనే. అయినా అమ్మ గోడ వైపు తిరిగేది. మెల్లగా చర్చికి తప్ప ఎక్కడికీ రావడం మానేసింది.

అలా రెండేళ్లు గడిచాక మాకు ఆ పుస్తకం పని వచ్చింది.

దాన్ని తెచ్చింది విఠల్ రెడ్డి సార్. శంకరంపేట దగ్గర వ్యవసాయ కుటుంబం. మెదక్‌లో ఇంగ్లీషు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఆయన అయిదు వందల ఏళ్ల కిందటి ఒక ఇటలీ నాటకాన్ని, ఇంగ్లీషు ద్వారా, తెలుగు చేశారు. అది రాజదర్బారు నాటకం. రాసినవాళ్లెవరో పేరు కూడా మిగల్లేదట. చిన్న రాజ్యం, పడుచు ప్రభువు, అతని తల్లి పెద్దరాణి. శత్రువులకు కోట తలుపు తీసిందని ఆ తల్లి మీద కొడుకు దగ్గరివాళ్లే నింద మోపుతారు. నిండు దర్బారులో కన్నకొడుకు ముందు ఆమె జవాబు చెప్పుకోవాలి. కథ అంతే.

హైదరాబాద్‌లో వసుంధర మేడం అని ఒకరున్నారు. ఏడాదికి ఒకే పుస్తకం వేస్తారు. నూరు ప్రతులు మాత్రమే. మంచి కాగితం, తోలు బైండింగు, ప్రతి దాని మీదా నంబరు. పుస్తకాలు దాచుకునేవాళ్లు వాటి కోసం ముందే పేరు చెప్పి పెట్టుకుంటారు. ఆమె ఈ నాటకాన్ని పుస్తకంగా వేస్తానన్నారు. బైండింగు మాత్రం వేరే రాష్ట్రంలో చేయించాలనుకున్నారు.

సార్ ఒప్పుకోలేదు. "మెదక్‌ల చేసేటోళ్లున్నరు మేడం. ఒక్కసారొచ్చి చూడుండ్రి, నచ్చకపోతే మీ ఇష్టం" అన్నారట.

మేడం కారులో వచ్చారు. మా గదిలో నిలబడి చుట్టూ చూశారు. మొహంలో పెద్ద ఆశ ఏమీ కనపడలేదు. నేను నాన్న కుట్టిన పాత కీర్తనల పుస్తకం ఒకటి చేతిలో పెట్టాను. నాకంటే వయసులో పెద్ద పుస్తకం అది. ఆమె దాన్ని మధ్యకి తెరిచి, రెండు అట్టలూ వెనక్కి వంచి, కుట్టు ఉండే వీపు వైపు చాలాసేపు చూశారు.

"ఇది ఎవరు చేశారు?"

"మా నాన్న."

"మీకు వచ్చా ఈ పని?"

"వచ్చు మేడం" అన్నాను. అంత ధైర్యంగా అన్నందుకు తర్వాత నాకే భయమేసింది.

పని మాకే వచ్చింది. మేకతోలు, బంగారు రేకు, లోపలి అట్టకు అలలు అలలుగా రంగులు పూసిన కాగితం, ప్రతి పుస్తకానికీ ఒక అట్టపెట్టె. కుట్టు మొత్తం చేత్తోనే. పదహారు పేజీల మడతను మేం ఫారం అంటాం. అచ్చయిన పెద్ద కాగితాలు కట్టలుగా వచ్చాయి. వాటిని ఫారాలుగా మడవాలి. నాతో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లకు రోజువారీ పనే సరిపోతోంది. మడత ఎవరు చేస్తారా అని నేను పరేషాన్‌లో ఉంటే, అమ్మ కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుంది. ఎడమ చేత్తో కాగితం తన వైపు లాక్కుంది. వాలిపోయిన కుడి మోచేతిని దాని మీద బరువుగా పెట్టింది. అంచుకు అంచు కలిపి, చెక్క పట్టీతో గీసి మడిచింది. నేను తీసి చూశాను. వెంట్రుకంత తేడా లేదు.

"అమ్మా, నువ్వు చేస్తవా?" అంటే, "అదే" అంది. మొహం తిప్పుకోలేదు.

ఆ పుస్తకం మడతలు చాలావరకు అమ్మ చేసినవే. తన బతుకులో చాలా రోజుల తర్వాత ఆమెకు ఒక పని దొరికింది. ఉదయం నాకంటే ముందే వచ్చి కూర్చునేది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. విఠల్ రెడ్డి సార్ దాదాపు రోజూ మధ్యాహ్నం మా దగ్గరికి వచ్చేవారు. తన పుస్తకం మీద ఆయనకు అంత ప్రేమ. మడిచిన ఫారం ఒకటి తీసుకుని పైకి చదివేవారు. ప్రభువు గొంతు, మంత్రి గొంతు, పెద్దరాణి గొంతు అన్నీ ఆయనే. అమ్మ మడుస్తూ వినేది. కాబట్టి ఆ నాటకం మొదటి నుంచి చివరి దాకా ఆమె చెవిన చాలాసార్లు పడింది. తర్వాత జరిగినదానికి కారణం వెతికేవాళ్లకు ఇది పనికొస్తుందని చెప్తున్నాను.

ఇక ఆ ఖాళీ పేజీ సంగతి.

అసలు నాటకం పాత అచ్చుప్రతి ఒక్కటే మిగిలిందట. అందులో ఒక చోట కాగితం చిరిగిపోయింది. సరిగ్గా పెద్దరాణి జవాబు చెప్పే చోటే. నిందలన్నీ ఉన్నాయి, సాక్షుల మాటలున్నాయి. ప్రభువు "తల్లీ, నీ మాట చెప్పు" అంటాడు. ఆమె నోరు తెరుస్తుంది. అక్కడ చిరిగింది. తర్వాతి పేజీ ప్రభువు మాటతో మొదలవుతుంది: "ఆ చలి నాకు గుర్తుంది. కాపలావాళ్లూ, తప్పుకోండి. ఆమెకు దారి ఇవ్వండి." అంతటితో పెద్దరాణి విడుదలై వెళ్లిపోతుంది.

చలి ఏమిటో ఎవరికీ తెలియదు. నాటకం అంతా ఎండాకాలంలో జరుగుతుంది. దర్బారులో విసనకర్రలు వీస్తూనే ఉంటారు. చలి అన్న మాట మొత్తం పుస్తకంలో ఇంకెక్కడా లేదు. సార్ మొదట తన అనువాదమే తప్పనుకుని మళ్లీ మళ్లీ చూసుకున్నారట. ఇంగ్లీషులో చేసినాయన కూడా ఈ మాట అర్థం కాలేదనే రాసి వదిలేశాడట.

వసుంధర మేడం ఆ ఖాళీని సార్‌నే పూరించమన్నారు. "నాలుగు లైన్లు రాయండి సార్, చదివేవాళ్లకు వెలితిగా ఉంటుంది" అన్నారు.

సార్ మా షాపులో కూర్చునే ఫోన్‌లో జవాబు చెప్పారు. "లేదు మేడం. గక్కడ ఏముండెనో నాకు తెల్వదు. తెల్వంది రాస్తే అది దొంగ మాటైతది. ఉన్నది ఉన్నట్టు ఇడిసిపెడదం."

చివరికి మేడం కూడా ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, దాన్ని ఆ పుస్తకానికే అందంగా మలిచారు. ఆ చోట చేత్తో తయారైన మందపాటి కాగితం ఒక ఆకు, చుట్టూ సన్నటి గీత, లోపల ఏమీ ఉండదు. ఆ ఆకు విడిగా వచ్చింది. ప్రతి పుస్తకంలోనూ దాన్ని నేనే కుట్టాను.

నూరూ పూర్తయ్యాక వరసగా బల్ల మీద పేర్చి చూసుకున్నాను. ముదురు ఎరుపు తోలు, వీపు మీద బంగారు అక్షరాలు. నాన్న ఉంటే ఏమనేవారో అనుకున్నాను. ఏమీ అనేవారు కాదు, ఒకటి తీసి రెండు అట్టలూ వెనక్కి వంచి చూసేవారు. నేనూ అలాగే చూశాను.

మేడంకు పని బాగా నచ్చింది. ఆవిష్కరణ హైదరాబాద్‌లో కాదు, మెదక్‌లోనే పెడదామన్నారు. ఆదివారం మధ్యాహ్నం, ఒక బడి హాలులో. హైదరాబాద్ నుంచి పుస్తకాలు కొన్నవాళ్లు కార్లలో వచ్చారు. మా ఊరివాళ్లూ బాగానే వచ్చారు. చివరి అంకం చదివి వినిపించాలనుకున్నారు. ప్రభువుగా విఠల్ రెడ్డి సార్, పెద్దరాణిగా సబిత అని హైదరాబాద్ రంగస్థల కళాకారిణి.

అమ్మను తీసుకెళ్లాలా వద్దా అని నేను ముందురోజంతా ఆలోచించాను. అంతమంది ముందు ఆమెను ఎవరైనా గడ్డం పట్టుకుని బుజ్జగిస్తే ఆమె ఆ రోజంతా అన్నం ముట్టదు. కానీ ఆ పుస్తకం ఆమెది కూడా. పొద్దున నేను అడగకముందే బీరువా దగ్గర నిలబడి నీలం పట్టుచీర చూపించింది. బడి ఫంక్షన్లకు కట్టుకునే చీర అది. కట్టాను. ఆటోలో తీసుకెళ్లాను. ముందు వరసలో, చివరి కుర్చీలో కూర్చోబెట్టి పక్కన నేను కూర్చున్నాను.

చదవడం మొదలైంది. సబిత గొంతు చాలా బాగుంది. హాలులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఖాళీ పేజీ వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే అనుకున్నారు. సబిత పుస్తకం కిందికి దించి, కొంచెంసేపు మౌనంగా నిలబడాలి. తర్వాత సార్ తన మాట చదవాలి.

"తల్లీ, నీ మాట చెప్పు" అన్నారు సార్.

సబిత పుస్తకం దించింది.

అప్పుడు నా పక్క నుంచి గొంతు వినిపించింది.

మొదట అది అమ్మ గొంతని నాకు తట్టలేదు. రెండేళ్లకు పైగా "అదే" తప్ప ఇంకో మాట వినని గొంతు. అందులోనూ నాటకంలో వాడే పెద్ద గొంతు కాదు. నాకు జ్వరం వచ్చినప్పుడు చెవి దగ్గర మాట్లాడే చిన్న గొంతు. అయినా హాలు చివరి దాకా వినపడిందని తర్వాత అందరూ చెప్పారు. అమ్మ లేవలేదు, కదల్లేదు. సార్ వైపు చూస్తూ చెప్పింది.

"నీనో... నీకు యాదికి లేదు బిడ్డా. మంచు తెల్లగుంటదని అందరంటరు. రాత్రిపూట అది నీలంగ ఉంటది. నిన్నెత్తుకుని కొండ దిగుతుంటే నీ చెప్పులు ఏడనో పడిపోయినయ్. నీ కాళ్లు కట్టెలోలె అయినయ్. నా బట్ట పైకి జరిపి, నీ కాళ్లు నా కడుపుకు ఆనిచ్చుకున్న. ఆ సలి ఇంక నా కడుపుల్నే ఉన్నది. ఆ సలి మీద ఒట్టు. నేను తలుపు తియ్యలె బిడ్డా. ఇగ నీ ఇష్టం."

అంతే. తడబడలేదు, మాట వెతుక్కోలేదు. నేను ఆమె మొహం చూస్తూనే ఉన్నాను. కళ్లు తడిగా ఉన్నాయి. పెదవులు మామూలుగా కదిలాయి. జబ్బు చేసినప్పటి నుంచి ఒక పక్కకు లాగినట్టు ఉండే మూతి ఆ కాసేపూ లాగలేదని నాకు అనిపించింది. దాని మీద మాత్రం ఒట్టు వెయ్యను. ఆమె అన్న మాటలైతే మేడం మనుషులు తీసిన వీడియోలో వినపడతాయి.

సార్ చేతిలో పుస్తకం ఉంది. ఆయన దాన్ని చూడలేదు. అమ్మనే చూస్తున్నారు.

"ఆ చలి నాకు గుర్తుంది" అన్నారు. అక్కడ ఆగారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కాపలావాళ్లూ, తప్పుకోండి. ఆమెకు దారి ఇవ్వండి."

ఆ మాట ఆ పుస్తకంలో అన్నాళ్లూ ఒంటరిగా ఉంది. ఆ రోజు దానికి తల్లి దొరికింది. హాలులో ఉన్న ప్రతి ఒక్కరికీ చలి ఏమిటో అర్థమైంది. నా వెనక ఎవరో వెక్కి ఏడుస్తున్నారు. సబిత మిగతా నాటకం చదవలేదు. స్టేజీ దిగి వచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది.

తర్వాత ఒక్కసారిగా గోల. "టీచర్ మాట్లాడింది!" అని మా ఊరి ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. ఆ రోజు ఎవరూ ఆమె గడ్డం పట్టుకోలేదు. ఒకామె దూరంగా నిలబడి చేతులు కట్టుకుంది, బడిలో నిలబడ్డట్టు. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనుషులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నీలం చీరలో కూర్చున్న ఆ మనిషి నా తల్లి. నా జన్మలో అంత గర్వం నేను ఎరగను, మళ్లీ ఉంటుందనుకోను.

నేను మోకాళ్ల మీద కూర్చుని చేతులు పట్టుకున్నాను. "అమ్మా, మళ్లొక్కసారి అను. నన్ను పేరు పెట్టి పిలువమ్మా" అన్నాను.

అమ్మ నా మొహం తడిమింది. "అదే" అంది.

అప్పటి నుంచి ఇప్పటి వరకూ ఆ ఒక్క మాటే.

జరిగిన మర్నాడు విఠల్ రెడ్డి సార్ ఇంటికి వచ్చారు. మనిషి నిద్రపోయినట్టు లేరు. నన్ను ముందుగదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశారు.

"సునీతా, జర నిజం చెప్పు బిడ్డా. నీనో అనే పేరు అమ్మకు ఎవరు చెప్పిండ్రు?"

"మీరే చదివి ఉంటరు గద సార్."

"లేదమ్మ. నాటకంల ఆయనకు పేరే లేదు. అంతట ప్రభువు అనే ఉంటది. ఇంగ్లీషు పుస్తకంల గూడ లేదు. రాత్రి ఫోన్‌ల ఎతికిన. ఇటలీల చిన్న పిలగాండ్లను తల్లులు గట్ల ముద్దుగ పిలుస్తరంట. నాకే తెల్వదు. అమ్మకెట్ల తెల్సె?"

అమ్మకు ఇటలీ భాష తెలియదు. మంచు చూసి ఎరగదు. ఆమె వెళ్లిన చల్లటి ప్రదేశం ఏదైనా ఉంటే అది బడి పిల్లలతో ఒకసారి వెళ్లిన ఊటీ.

హైదరాబాద్ డాక్టరుకు వీడియో పంపించాను. ఆయన మళ్లీ రమ్మన్నారు, పరీక్షలు చేశారు. మెదడులో మార్పేమీ లేదు. అరుదుగా, బలమైన ఉద్వేగంలో, ఇలాంటి రోగులు ఒక మాటో రెండు మాటలో పలకడం ఉంటుందన్నారు. జీవితమంతా నాటకాలు రాసిన మనిషి, ఈ నాటకం వింటూ వింటూ ఆ ఖాళీని మనసులో తనే పూరించుకుని ఉండవచ్చన్నారు. నాకు ఆ మాట నచ్చింది. అమ్మ రాసిన చివరి నాటకం అదే అనుకోవడం ఇష్టంగా ఉంది. "మరి అంత పొడుగు మాట, తడబడకుండా?" అని అడిగాను. ఆయన స్కానింగు తీసి కవర్లో పెట్టేశారు. "అది మాత్రం నేను చెప్పలేనమ్మా" అన్నారు. ఆ పేరు సంగతి అడగడానికి నాకే మొహమాటమేసింది.

చర్చిలో కొందరు దేవుని కార్యం అన్నారు, సాక్ష్యం చెప్పమన్నారు. పక్కింటావిడ మాత్రం సమాధుల తోట గాలి అని నిమ్మకాయ తెచ్చి ఇచ్చింది. ఇద్దరికీ థాంక్స్ చెప్పాను. నిమ్మకాయ పప్పులో పిండాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది ఆ వీడియో అమ్మకు చూపించిన రోజు.

సంతోషపడుతుందని ఫోన్ ఆమె ముందు పెట్టాను. చదువుతున్న సబితను చూసింది, సార్‌ను చూసి తలాడించింది. కెమెరా అప్పుడు స్టేజీ మీదే ఉంది, అమ్మ తెర మీద కనపడదు, గొంతు మాత్రమే వినపడుతుంది. "నీనో" అన్న మాట రాగానే అమ్మ ఉలిక్కిపడింది. మొత్తం విన్నది. కన్నీళ్లు కారిపోతున్నాయి. అయిపోయాక ఫోన్ వైపు వేలు చూపించి, నా వైపు తిరిగి, కనుబొమ్మలు ఎత్తి అడిగింది. ఆ సైగ నాకు బాగా తెలుసు. ఇంటికి కొత్తవాళ్లు ఎవరైనా వస్తే, ఎవరే ఈమె, అని అడిగే సైగ అది.

"నువ్వేనమ్మా" అన్నాను.

అమ్మ నవ్వింది. నేనేదో ఆటపట్టిస్తున్నానని నవ్వింది. తల అడ్డంగా ఊపి, చెంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ వేయమని ఫోన్ మీద తట్టింది. ఆ రోజు చాలాసార్లు విన్నది. ఎవరో మహానటి మాట విన్నట్టు విన్నది.

వసుంధర మేడం ఆ మాటలను ఒక చిన్న కాగితం మీద అచ్చు వేయించి నూరు ప్రతుల్లోనూ పెడదామన్నారు. సార్ ఒప్పుకోలేదు. "అవి నా మాటలు కావు. టీచర్‌వి అని అచ్చేద్దామంటే, టీచరేమో తనవి కావని తల ఊపుతున్నది. ఎవరి పేరు మీద ఏస్తరు చెప్పుండ్రి" అన్నారు. మేడం ఇక బలవంతం చేయలేదు. ఖాళీ పేజీ ఖాళీగానే ఉంది.

అయితే ఆ రోజు హాలులో ఉన్నవాళ్లలో కొందరు తమ ప్రతి పట్టుకుని మళ్లీ మెదక్ వచ్చారు. ఒకాయన మనోహరాబాద్ దాకా రైల్లో వచ్చి, అక్కణ్నుంచి బస్సులు మారి వచ్చాడు. పుస్తకం పెట్టె మీద దుమ్ము పడకుండా టవల్ చుట్టి తెచ్చాడు. ఆ పేజీ మీద అమ్మతో ఏదైనా గుర్తు పెట్టించమని అడిగాడు. అమ్మకు సంతకం రాదు ఇప్పుడు. ఎడమ చేత్తో పెన్సిల్ పట్టుకుని, పేజీ అడుగున, అంచుకు అంచు కొలిచినట్టు, ఒక గీత గీసింది. అడిగినవాళ్లందరికీ అలాగే గీసింది. ఎక్కడో ఎవరి అద్దాల బీరువాల్లోనో ఉన్న ఆ పుస్తకాలకు కుట్టు నాది, మడత ఆమెది, గీత ఆమెది.

ఇప్పుడు మా షాపుకు దూరం నుంచి పని వస్తోంది. అమ్మ రోజూ నా ఎదురు కుర్చీలో కూర్చుని ఫారాలు మడుస్తుంది. శిష్యురాళ్లు వస్తే గోడ వైపు తిరగడం లేదు. వచ్చినవాళ్లు కూడా అరవడం మానేశారు.

కొత్తవాళ్లు ఎవరైనా ఆ సంగతి అడిగితే నాకు తెలిసినంత చెప్తాను. ఆ గొంతు మా అమ్మది. అందులో నాకు సందేహం లేదు. కడుపుకు కాళ్లు ఆనించుకున్న ఆ తల్లి ఎవరో, ఆ పిల్లాడి పేరు అమ్మ నోటికి ఎలా వచ్చిందో అడిగితే మాత్రం, నాకు ఇప్పటికీ తెలియదు.